గుండెజబ్బును గూర్చి రక్తము చెప్పు సాక్ష్యము

గత మాఘమాసములో గోదావరి డెల్టాయందలి ఒక గ్రామమున ఉచిత వైద్యశిబిరము జరిగినది. ప్రచార కార్యముపై మేమును అచ్చటికి పోయితిమి. పాఠశాల ఆవరణలో వేపచెట్టు క్రింద బల్ల వేసికొని వైద్యుడు రోగులను చూచుచుండెను. వరుసలో నిలిచినవారిలో ఇద్దరి చేతులలో రక్తపరీక్ష కాగితములున్నవి. కొన్ని దినములకు పూర్వము పట్టణములోని ఒక పరీక్షాశాలవారు తక్కువ ధరకు శరీరమంతయు పరీక్షించెదమని చెప్పగా, ఆ ఇద్దరును రక్తమిచ్చి వచ్చిరట.

మొదటివాడు ఏబదిరెండేండ్ల రైతు. అతని కాగితములో 'సి.ఆర్.పి.' అను పేరునకు ఎదురుగా 24 అను అంకె ఎర్రసిరాతో ముద్రింపబడియున్నది. ఈ అంకె పెరిగినచో గుండెకు ప్రమాదమని ఎవరో చెప్పిరి. అంతటితో ఆ రైతునకు నిద్రలేదు. అర ఎకరము తాకట్టు పెట్టి హైదరాబాదు పోయి గుండె చూపించుకొనవలెనని ఇంటిలో నిశ్చయము కూడ జరిగినది. "బాబూ, ఈ కాగితం ప్రకారం నా గుండె ఎన్నాళ్ళు ఆడుతుందంటారు?" అని అతడు అడిగెను. వైద్యుడు కాగితమును ప్రక్కన పెట్టి, "ముందు ఆ కాలు చూపించండి. కుంటుతూ వచ్చారు గదా" అనెను. అరికాలిలో తుమ్మముల్లు విరిగి, చుట్టును వాచి, చీము పట్టియున్నది.

రెండవవాడు ధాన్యపు మిల్లులో గుమాస్తా, నలుబదియారేండ్లవాడు. అతని అంకె 0.8. "నాది ఒకటికి లోపేనండీ. నాకేం భయం లేదు" అని నవ్వుచు చెప్పెను. అతని రక్తపోటు చూడగా 170/100 ఉన్నది. జేబులో చుట్టలకట్ట ఉన్నది. తండ్రి ఏబదియవ ఏట గుండెపోటుతో పోయినాడని అడుగగా చెప్పెను.

ఒకే పరీక్ష ఒకరిని లేనిపోని భయమునకును, మరియొకరిని లేనిపోని ధైర్యమునకును గురిచేసినది. ఇట్టి కాగితములు నేడు మన పల్లెలకు విరివిగా వచ్చుచున్నవి. కావున ఆ అంకె యేమి చెప్పునో, యేమి చెప్పదో పాఠకులకు వివరింపవలెనని తోచినది.

ఈ పదార్థము ఏది?

కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ చోటు ఎర్రబడును, వేడెక్కును, వాచును, నొప్పిపెట్టును. శరీరము తన్ను తాను కాపాడుకొనుటకు చేయు ఈ పోరాటమునే వైద్యశాస్త్రము శోథ మనును. రక్తములోని తెల్లకణములు ఆ చోటికి పరుగెత్తి క్రిములతో పోరాడును. అదే సమయమున అవి కొన్ని సందేశ పదార్థములను రక్తములోనికి విడుచును. ఆ సందేశమందిన కాలేయము ఒక మాంసకృత్తును తయారుచేసి రక్తములో కలుపును. దానికే సి-రియాక్టివ్ ప్రోటీను అని పేరు. సి.ఆర్.పి. అనునది దాని పొడి పేరు.

దీనిని 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లరు సంస్థయందు టిల్లెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. న్యుమోనియా రోగుల రక్తరసమును ఆ వ్యాధిక్రిమి నుండి తీసిన 'సి' అను పదార్థముతో కలుపగా మడ్డి ఏర్పడినది. రోగము కుదిరినపిదప అదే రోగి రక్తరసములో ఆ మడ్డి ఏర్పడలేదు. పేరులోని 'సి' అక్షరము అట్లు వచ్చినదే గాని దానికి గుండెతో ఏ సంబంధమును లేదు. చాలకాలము వరకు వైద్యులు దీనిని జ్వరము, చీము, కీళ్ళవాతము మొదలగువాని తీవ్రత తెలిసికొనుటకే వాడిరి.

ఇది మిక్కిలి చురుకైన పదార్థము. దెబ్బ తగిలిన కొన్ని గంటలలోనే పెరుగనారంభించి, సుమారు రెండు దినములలో శిఖరమునకు చేరును. తీవ్రమైన క్రిమిదోషములో మామూలుకంటె కొన్ని వందల రెట్లు పెరుగవచ్చును. కారణము తొలగినచో త్వరగానే తగ్గును. గడ్డివాము మీద లేచు పొగవంటిదని దీనిని పోల్చవచ్చును. పొగ చూచిన దూరపువానికి ఎచ్చటనో నిప్పున్నదని తెలియును గాని, ఏ వాములో నిప్పు పడినదో తెలియదు. ఆ రైతు అంకె చూపినది గుండెలోని నిప్పు కాదు, అరికాలి నిప్పు.

గుండెతో ఎట్లు ముడిపడినది?

గుండెకు రక్తమందించు ధమనులలో క్రొవ్వు పేరుకొని, నీటిగొట్టము పూడినట్లు పూడిపోవుటయే గుండెపోటని పూర్వము అనుకొనుచుండిరి. అది సగము నిజమే. మన చెరువుగట్టును తలచుకొన్నచో తక్కిన సగము అర్థమగును. గట్టు పైకి గడ్డిమొలచి బలముగనే కన్పించును. లోపల ఎండ్రకాయలు బొరియలు త్రవ్వుచుండును. ఒక రాత్రి పెద్దనీరు రాగానే గండి పడును. ఎండ్రకాయ ఒక్కనాడు చేసిన పని కాదది.

ధమనిగోడలోనికి చెడ్డ కొలెస్టరాలు చేరినపుడు దానిని తినివేయుటకు తెల్లకణములు లోనికి పోవును. తిని తిని ఉబ్బి అచ్చటనే చిక్కుకొనును. వానికి తోడుగా మరికొన్ని వచ్చును. ఇట్లు ఏండ్ల తరబడి గోడలోపల ఒక సన్నని పోరాటము సాగుచుండును. నొప్పి యుండదు, జ్వరముండదు, మనిషికి తెలియదు. ఆ క్రొవ్వుగడ్డపై నున్న పొర ఈ పోరాటమువలన పలుచబడి ఒకనాడు చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారిని మూసివేయును. అదియే గుండెపోటు. అందువలననే, నిన్నటివరకు నాగలి పట్టినవాడు నేడు అకస్మాత్తుగా కూలిపోవుట మనము చూచుచున్నాము.

ఈ సన్నని పోరాటము జాడ రక్తములో ముందుగానే కన్పడునా? ఈ ప్రశ్నకు ముఖ్యమైన సమాధానము పురుషులపై జరిగిన ఒక పరిశోధన ఇచ్చినది. అమెరికాలో 1982లో 22,071 మంది పురుష వైద్యులు, 40 మొదలు 84 ఏండ్ల వయస్సువారు, ఆస్పిరిన్ మాత్ర గుండెపోటును నివారించునా యని తెలిసికొనుటకు తమ్ము తామే పరీక్షకు అప్పగించుకొనిరి. ప్రారంభమున వారిలో అనేకుల రక్తము తీసి గడ్డకట్టించి భద్రపరచిరి. ఆ రక్తము ఏండ్ల తరబడి అట్లేయున్నది. తరువాత వారిలో గుండెపోటు, పక్షవాతము మొదలగునవి వచ్చిన 543 మందిని, రాని 543 మందిని ఎంచి, రిడ్కర్ అను వైద్యుడును అతని సహచరులును ఆ పాత రక్తమును పరీక్షించి 1997లో ఫలితములు ప్రకటించిరి. రక్తమిచ్చిననాడు వీరందరును ఆరోగ్యవంతులే.

తరువాత గుండెపోటు వచ్చినవారిలో సి.ఆర్.పి. లీటరునకు 1.51 మిల్లీగ్రాములు, రానివారిలో 1.13 మిల్లీగ్రాములు. ఎంత స్వల్పభేదమో చూడుడు! అయినను అందరిని నాలుగు భాగములుగా విభజించి చూడగా, అంకె మిక్కిలి హెచ్చుగానున్న భాగమువారికి, మిక్కిలి తక్కువగానున్న భాగమువారి కంటె గుండెపోటు ముప్పు దాదాపు మూడు రెట్లు, పక్షవాతపు ముప్పు దాదాపు రెండు రెట్లు కన్పడినది. పొగత్రాగని వారిలోను ఈ సంబంధము నిలిచినది. కొలెస్టరాలు చెప్పని సంగతి యేదో ఈ అంకె చెప్పుచున్నదని వైద్యలోకము గ్రహించినది. ఆ పిమ్మట స్త్రీలలోను ఇట్టి ఫలితములే వచ్చినవి.

కాగితము చదువునపుడు

ఇచ్చట పాఠకులు కొంచెము ఓపిక పట్టవలెను. మోసపోవు చోటు ఇదియే.

సి.ఆర్.పి. పరీక్షలో రెండు రకములు గలవు. మామూలు పరీక్ష జ్వరము, చీము మొదలగువానికి ఉద్దేశింపబడినది. చిన్న పరీక్షాశాలలలో గాజుపలకపై రక్తరసపుచుక్క వేసి చూచెడి పద్ధతిలో, లీటరునకు సుమారు 6 మిల్లీగ్రాములకు లోపున్నచో 'నెగటివ్' అని వ్రాయుదురు. పైన చెప్పిన 1.51కిని 1.13కిని గల తేడా ఆ పలకపై కన్పడదు. బస్తాలు తూచు కాటాపై బంగారము తూచినట్లుండును. గుండె విషయమునకు 'హెచ్.ఎస్.' అను రెండక్షరములు ముందుగల సూక్ష్మపరీక్షయే కావలెను.

రెండవ చిక్కు కొలమానము. కొందరు లీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని, కొందరు డెసిలీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాయుదురు. రెంటికిని పదిరెట్ల తేడా. ఒక కాగితములోని 0.3, మరియొక కాగితములోని 3 ఒకటే. అంకెను మాత్రము చూచి పక్కింటివాని అంకెతో పోల్చుకొనుట వృథా.

అమెరికా వైద్యసంస్థలు 2003లో చేసిన నిర్ణయము ప్రకారము, సూక్ష్మపరీక్షలో లీటరునకు 1 మిల్లీగ్రాముకు లోపున్నచో ముప్పు తక్కువ, 1 మొదలు 3 వరకు మధ్యమము, 3 దాటినచో హెచ్చు. 10 దాటినచో గుండె మాట అటుంచి, శరీరములో మరెచ్చటనైన క్రిమిదోషమో, గాయమో, చీమో ఉన్నదేమో ముందు వెదకవలెను. రెండువారముల ఎడముతో రెండుసార్లు పరీక్షించి, రెంటి సరాసరి చూడవలెను. జలుబు, జ్వరము, పంటి చిగుళ్ళ వాపు, పొలములో తగిలిన దెబ్బ ఉన్ననాడు ఈ పరీక్షకు రక్తమిచ్చుట డబ్బు దండుగ. మన పల్లెలలో కోతలు, దమ్ముల రోజులలో కాలికో చేతికో గాయము లేని రైతు అరుదు. ఈ సంగతి ఆ అమెరికా డాక్టర్లకు అంతగా వర్తింపదు, మనకు మిక్కిలి వర్తించును.

ఇక ఇ.ఎస్.ఆర్. అని మరియొక పరీక్ష చాలమంది ఎరుగుదురు. తెల్లకణముల లెక్క, ఫైబ్రినోజన్ అను గడ్డకట్టించు పదార్థపు కొలత కూడ ఈ కోవలోనివే. గుండెజబ్బు ముప్పును గూర్చి వీనికిని కొంత చెప్పగల శక్తి గలదు గాని, కొలుచుటలోని నిలకడవలన సి.ఆర్.పి. ముందునకు వచ్చినది.

పొగను విసరినచో నిప్పు ఆరునా?

సి.ఆర్.పి.యే గుండెజబ్బునకు కారణమైనచో దానిని తగ్గించు మందు కనుగొన్న చాలును. కాని సంగతి అట్లు లేదు. కొందరికి పుట్టుకతోనే, తలిదండ్రుల నుండి వచ్చిన లక్షణమువలన, ఈ పదార్థము కొంత హెచ్చుగానుండును. అట్టివారికి గుండెజబ్బు హెచ్చుగా రావలెను గదా! వేలాదిమందిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు అట్లు లేదని 2011లో తెలిపిరి. అనగా ఇది సాక్షియే గాని దోషి కాదు.

మరి అసలు నిప్పును ఆర్పినచో? 2017లో వెల్లడియైన ఒక పరీక్షలో, ఒకసారి గుండెపోటు వచ్చి సి.ఆర్.పి. 2 లేక అంతకు మించియున్న 10,061 మందికి శోథను అణచు ఇంజెక్షను ఇచ్చి చూచిరి. కొలెస్టరాలు తగ్గలేదు. అయినను తిరిగి గుండెపోటు, పక్షవాతము, ఆ కారణముల మరణము కలిసి సుమారు నూటికి 15 వంతులు తగ్గినవి. నిప్పు నిజమేయని ఇట్లు రుజువైనది. కాని క్రిములతో పోరాడు శక్తియు తగ్గి, అంటురోగములవలన చనిపోయినవారు కొందరు పెరిగిరి. ఆ మందు ఖరీదు కూడ సామాన్యునకు అందునది కాదు. మరుసటి సంవత్సరము మరియొక మందు, కీళ్ళవాతమునకు వాడు మెథోట్రెక్సేటు, ఏమాత్రమును పనిచేయలేదు.

కాల్చిసిన్ అను పాతకాలపు మందు కథ వింతయైనది. 2019, 2020 సంవత్సరముల పరీక్షలలో ఇది స్వల్పమోతాదున మేలుచేసినట్లు కన్పడి, 2023లో అమెరికాలో గుండెరోగులకై అనుమతి పొందినది. 2024లో వెల్లడియైన పెద్ద పరీక్షలో, గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చినపుడు లాభము కన్పడలేదు. కనుక వైద్యులలోనే ఇంకను చర్చ సాగుచున్నది. ఒక హెచ్చరిక. మన కంచెలపై ప్రాకి నిప్పుమంటవంటి పూలు పూచెడి అగ్నిశిఖ తీగ, దానినే అడవినాభి యందురు, దాని దుంపలో ఈ కాల్చిసినే యున్నది. ఆ దుంప తిని మరణించినవారు గలరు. మందుదే గదా యని నాటువైద్యము చేసికొనరాదు.

ఆస్పిరిన్ సంగతియు అట్టిదే. గుండెజబ్బు లేని ఆరోగ్యవంతులు దినదినము దానిని మ్రింగుటవలన కలుగు మేలును రక్తస్రావపు కీడు చాలవరకు మ్రింగివేయుచున్నదని 2018 నాటి పరిశోధనలు తెలిపినవి. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి వైద్యుడు వ్రాసియిచ్చిన ఆస్పిరిన్ వేరు. దానిని వారు మానరాదు.

ఈ పరీక్షవలన ప్రయోజనము లేదా? కలదు. 2008లో 17,802 మందిపై జరిగిన పరీక్షలో, కొలెస్టరాలు పెద్దగా లేకున్నను సి.ఆర్.పి. 2 లేక అంతకు మించినవారికి స్టాటిన్ మాత్ర ఇయ్యగా గుండెపోటు, పక్షవాతము మొదలగునవి దాదాపు సగమువరకు తగ్గినవి. వారు ఏబదియేండ్లు నిండిన పురుషులును, అరువదియేండ్లు నిండిన స్త్రీలును. మందు ఇయ్యవలెనా వద్దా యని వైద్యుడు తటపటాయించునపుడు ఈ అంకె త్రాసులో ఒక ప్రక్క మొగ్గును. త్రాసే తానై కూర్చుండరాదు.

మన పల్లెల మాట

గుండెజబ్బు పట్టణములలోని ధనికుల రోగమని ఇప్పటికిని కొందరందురు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, ఒక లక్షా ఎనుబదివేల జనాభాలో, 2003-04లో ఒక సంవత్సరమునందు జరిగిన 1,354 మరణములను పరిశోధకులు ఇంటింటికి తిరిగి విచారించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల జబ్బులవలననే. అంటురోగములవలన చనిపోయినవారు నూటికి 12 మంది. ఆ గ్రామములు వరిపొలముల నడుమ నున్నవే.

అంతియే కాదు. మన దక్షిణాసియా దేశములవారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట, ఇతర దేశములవారికి దాదాపు 59వ ఏట వచ్చుచున్నట్లు 52 దేశములలో జరిగిన పరిశోధన తెలిపినది. ఆరేండ్లు! ఇంటి పెద్ద భుజముపై అప్పులు, పెండ్లిండ్లు ఉన్న వయస్సది. పురుషులలో నూటికి 90 వంతుల ముప్పునకు తొమ్మిది సంగతులే కారణమని కూడ ఆ పరిశోధన చెప్పినది. పొగాకు, రక్తపోటు, మధుమేహము, చెడ్డ కొలెస్టరాలు, పొట్ట పెరుగుట, మనస్సునకు నెమ్మది లేకుండుట, కూరగాయలు పండ్లు తక్కువగా తినుట, శరీరశ్రమ లేకుండుట, మద్యము సంగతి. ఇందులో సి.ఆర్.పి. పేరే లేదు. రక్తపోటు చూచుటకు సూది అక్కరలేదు. నడుము కొలుచుటకు దర్జీ టేపు చాలును. మన పురుషులకు బొడ్డువద్ద 90 సెంటీమీటర్లు దాటరాదు.

చిత్రమేమన, వీనిని సరిచేసినచో ఆ అంకెయు తానే దిగివచ్చును. పొట్టలోని క్రొవ్వు కేవలము నిలువయుంచిన సరకు కాదు. అది కూడ కాలేయమునకు ఆ సందేశములనే పంపుచుండును. బరువు తగ్గి, దినమునకు అరగంట చురుకుగా నడచినవారిలో అంకె తగ్గుట చూచియున్నారు. చుట్ట, బీడీ, సిగరెట్టు మానినవారి ముప్పు ఏడాదికేడాది దిగుచుండును. యంత్రములు వచ్చినపిదప దున్నుట, ఊడ్చుట తగ్గిన మన రైతులు పూర్వపు వలెనే అన్నము తినుచున్నారని మా కన్నులకు కన్పడుచున్నది. ఎవరిని నిందించుటకును ఇది చెప్పలేదు.

ఒక్క సంగతి మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు నొప్పి, అది ఎడమచేతికో దవడకో ప్రాకుట, చెమటలు, ఆయాసము కలిగినపుడు సి.ఆర్.పి. కాగితము వెదకికొనరాదు. "నాది ఒకటికి లోపే" అని కూర్చుండరాదు. గ్యాసని సోడా త్రాగి తెల్లవారువరకు వేచియుండరాదు. ఆ సమయమున చూడవలసినవి ఇ.సి.జి.యును, ట్రోపోనిన్ అను వేరొక రక్తపరీక్షయును. వెంటనే 108కి ఫోను చేయవలెను. ధమనిలోని గడ్డను కరగించు ఇంజెక్షను ఎంత త్వరగా పడిన అంత గుండెకండ మిగులును. గంటలు గడచినకొలది ఆ మందు పనితనము తగ్గును.

శిబిరమునాడు వైద్యుడు రైతు కాలిలోని ముల్లు తీసి, కట్టుకట్టి, ధనుర్వాతపు సూది వేయించి, పుండు మానిన నెలకు మరల రమ్మనెను. రక్తపోటు, చక్కెర చూడగా రెండును బాగుగనే యున్నవి. గుమాస్తాను మాత్రము ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు ఆ వారమే రమ్మని చీటి వ్రాసియిచ్చెను. అతనికి అది రుచించలేదు. "ఒంట్లో ఏమీ లేనివాడికి మాత్రలెందుకండీ?" అని గొణిగెను.

వైశాఖములో మరియొక పనిమీద ఆ గ్రామమునకు పోయినపుడు ఇద్దరిని గూర్చి విచారించితిమి. రైతు కాలు మానినది. సూక్ష్మపరీక్షలో అంకె 1.6 వచ్చినదట. అర ఎకరము తాకట్టు పడలేదు. గుమాస్తా మిల్లులోనే కన్పడెను. రక్తపోటు మాత్ర ఉదయమున వేసికొనుచున్నాననెను. చుట్టల మాట అడుగగా, "మానలేదండీ, రోజుకి ఆరు కాల్చేవాణ్ణి, రెండుకి దిగాను" అని తలవంచుకొని బస్తాలు లెక్కింపసాగెను.